బంతిమొక్కల కింద దొరికిన దేవుడు

అమెరికాలో, నేపర్‌విల్‌లో మేము ఇల్లు కొన్న ఏడాది, తాళాలు చేతికొచ్చి ఇంకా పాలు పొంగించకముందే, మా అత్తయ్య ఆ ఇంటి గడప తొక్కనని తేల్చి చెప్పేసింది. ముహూర్తం చూస్తే వచ్చే ఆదివారం. అపార్ట్‌మెంట్ లీజు నెలాఖరుతో సరి. సామానంతా అప్పటికే అట్టపెట్టెల్లోకి ఎక్కింది. ఇన్నేళ్ళ అద్దె బతుకు తర్వాత మొదటి సొంత ఇల్లు. పల్నాడు నుంచి ఇంతదూరం పెద్దదిక్కుగా వచ్చిన మనిషి గుమ్మం బయటే నిలబడిపోతే, లోపల పాలు పొంగి మాత్రం ఏం లాభం?

ఆ పేచీ ఎలా తీరిందో చెప్పాలంటే ముందు మా ఊరి లైబ్రరీ గురించి, రోమన్ల ఇంటి దేవుళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పాలి.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. బీకామ్ మొదటి సంవత్సరంలో పెళ్ళయి, డిపెండెంట్ వీసా మీద ఈ దేశం వచ్చాను. ఉద్యోగం చేయడానికి వీల్లేదు, కారు నడపడం రాదు. నడిచి వెళ్ళేంత దూరంలో లైబ్రరీ ఉండడమే నా అదృష్టం. మొదట్లో కథలు చెప్పే గంటకని మా అమ్మాయిని తీసుకెళ్ళేదాన్ని. అది రంగుల చాప మీద కూర్చుని నోరు తెరుచుకుని వింటుంటే, నేను పక్క అరల్లోని పిల్లల పుస్తకాలు తిరగేసేదాన్ని. వాటిలో ఇంగ్లీషు తేలిగ్గా ఉండేది, బొమ్మలు కూడా ఉండేవి. అలా పిల్లల గది నుంచి మెట్లెక్కి పెద్దవాళ్ళ అంతస్తుకి చేరడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. డ్రైవింగ్ లైసెన్సు కంటే ముందు నా పేరు మీద వచ్చింది లైబ్రరీ కార్డే. నా చదువుకి గోడకి తగిలించుకునే పట్టా ఏదీ లేదు గానీ, చదివినదాన్ని గురించి ఎవరైనా అడిగితే మాత్రం వెనక్కి తగ్గను.

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా బళ్ళో ప్రాచీన రోము పాఠం వచ్చింది. చెప్పుల పెట్టెతో రోమన్ల ఇల్లు కట్టుకురమ్మన్నారు. ఆ పెట్టె కోసం పుస్తకాలు తెచ్చినది నేను, వాటిలో పడిపోయినదీ నేనే. అది ప్రాజెక్టు ఇచ్చేసి మార్కులు తెచ్చేసుకుని మర్చిపోయినా, నేను ఇంకా రోములోనే తిరుగుతుండేదాన్ని. రాజులూ యుద్ధాలూ నాకు పట్టలేదు. నన్ను పట్టుకున్నది వాళ్ళ వంటింటి గోడలో ఉండే చిన్న గూడు. అచ్చం మన దేవుడి గూడు లాంటిదే. అందులో ఇద్దరు కుర్రాళ్ళు, పొట్టి అంగీలు వేసుకుని, ఒక చేత్తో కొమ్ముపాత్ర పైకెత్తి, కాలి మునివేళ్ళ మీద నాట్యమాడుతూ ఉంటారు. వాళ్ళు లారెస్, ఇంటిని కాచే దేవుళ్ళు. కింద రెండు పాములు. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన ఊరు ఒకటి తవ్వి తీస్తే, ఇంటింటా ఇవే బొమ్మలు బయటపడ్డాయట. ఫొటోల్లో రంగు కూడా పోలేదు.

ఆ వసంతంలో అత్తయ్య వచ్చింది. ఆరు నెలలు ఉండే వీసా. పగలంతా మా ఆయన ఆఫీసులో, అమ్మాయి బడిలో. మేమిద్దరం వంటింట్లో. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నేను రోమన్ల కబుర్లు చెప్పేదాన్ని. నేను చదివినదాన్ని ఇంత శ్రద్ధగా విన్న మనిషి మరొకరు లేరు.

"పాములు కూడా ఉంటయ్యా?" అంది మొదటిరోజే. "అయితే వాళ్ళు మనోళ్ళే. నాగులచవితి చేసేవోళ్ళేమో కనుక్కో."

"వాళ్ళకి తలుపుకే ముగ్గురు దేవుళ్ళు అత్తయ్యా. తలుపు రెక్కకి ఒకరు, కీలుకి ఒక దేవత, గడపకి ఒకరు."

"గడపకి ఉండాల్సిందే. పసుపు రాసేది ఎవరికనుకున్నావ్? కీలుకి దేవతెందుకే, చుక్క నూనె చాలుగా?"

"అన్నం తినేటప్పుడు పొరపాటున మెతుకు కింద పడితే, అది మనది కాదు, ఇంటి దేవుడిదట. తీసి పొయ్యిలో వేసేవాళ్ళట."

అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఎంత బాగుందే! చిన్నప్పుడు మెతుకు పడేస్తే మా అమ్మ తొడపాశం పెట్టేది. ఆ రోమునోళ్ళింట్లో పుట్టినా బాగుండేది."

ఇంకో రకం దేవుళ్ళు పెనాటెస్. కొట్టుగదిని, అందులోని తిండిగింజల్ని కాచేవాళ్ళు. కుటుంబం ఊరు మారితే వీళ్ళని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి. మరి లారెస్ మాటేమిటి? వాళ్ళు ఆ స్థలాన్ని అంటిపెట్టుకుని ఉండిపోతారని కొందరు పండితులు, కాదు కుటుంబంతోనే వస్తారని కొందరు. ఆ తగువు ఇంకా తేలలేదు. నేను రెండు పక్షాలూ చదివాను. ఆ మాటే అత్తయ్యతో కాస్త గొప్పగా చెప్పాను.

"తేలకపోడానికి ఏముందమ్మాయ్? ఇంటి దేవుడు ఇంట్లో ఉంటాడు. మనం తెచ్చుకున్న దేవుడు మనెంట వస్తాడు. దీనికి అంతంత లావు పుస్తకాలెందుకు?" అని ఈనెలు పేపర్లో చుట్టి లేచింది.

ఇక ఇంటి సంగతి. ఆ రోజుల్లో ఇళ్ళు అమ్ముడుపోక నెలల తరబడి బోర్డులు వేలాడుతుండేవి. మేము కొన్నది కూడా అలాంటిదే. అమ్మిన పెద్దావిడ భర్త పోయాక ఒక్కత్తే ఉండి, చివరికి వృద్ధుల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లలోకి మారిపోయింది. సంతకాల రోజు మా ఇద్దరి చేతులూ పట్టుకుని, "ఆ ఇంటికి కొన్ని అలవాట్లు ఉన్నాయి. ఏది అర్థం కాకపోయినా నాకు ఫోన్ చేయండి" అని నంబరు ఇచ్చింది.

ముహూర్తానికి ముందు లోపలికి రాకూడదని అత్తయ్య నియమం. నేను మాత్రం వెళ్ళి అరలు తుడవొచ్చట, పనికోసం వెళ్ళడం ప్రవేశం కింద లెక్క కాదట. ఆ బుధవారం నేను లోపల వంటింటి అరలు తుడుస్తున్నాను. అత్తయ్య బయట గుమ్మం పక్కన పాదులో బంతిమొక్కలు పెడుతోంది. తోరణానికి కొన్న పూలు సరే, గుమ్మం దగ్గర బతికున్న పువ్వు కూడా ఉండాలంది. అమ్మకం బోర్డు పాతిన గుంత ఇంకా పూడకుండా అక్కడే ఉంది. దాని పక్కన మట్టి మెత్తగా ఉందని తవ్వింది.

"అమ్మాయ్! అమ్మాయ్! ఇట్రా ముందు!"

నేను తడిగుడ్డతోనే పరిగెత్తాను. అత్తయ్య పాదు దగ్గర లేదు. కారు నిలిపే దారి చివరికి, దాదాపు రోడ్డు మీదికి వెళ్ళి నిలబడి ఉంది. తవ్వుకోల పాదులో పడి ఉంది. దాని పక్కన గుంతలో, ఒక గుడ్డలోంచి బయటికొచ్చిన రెండు చిన్న పాదాలు ఆకాశం వైపు చూస్తున్నాయి.

లాగి చూశాను. అంచుకి కుట్టుపని చేసిన చేతిరుమాలు, అందులో జానెడు కూడా లేని ప్లాస్టిక్ బొమ్మ. గడ్డం ఉన్న మనిషి, గోధుమరంగు అంగీ, చేతిలో తెల్లపూల కొమ్మ.

"ముట్టుకోకు! కింద పెట్టు! చేతబడి అది!"

"ఇది అమెరికా అత్తయ్యా."

"అమెరికా అయితే? మనుషులు లేరా ఇక్కడ? బొమ్మని గుడ్డలో చుట్టి, తలకిందులుగా, గుమ్మం ముందర పాతిపెట్టేదెందుకు? ముగ్గులెయ్యడానికా?"

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ చదివింది ఊరికే ఉండనివ్వదు కదా. "రోమన్లు కూడా అలా పాతిపెట్టేవాళ్ళు అత్తయ్యా. సీసపు రేకుల మీద గిట్టనివాళ్ళ పేర్లు రాసి, ఒక్కోసారి బొమ్మలు కూడా చేసి..." అన్నాను. అందరూ చేసేదే, కంగారు పడకండి అని చెప్పడం నా ఉద్దేశం.

అత్తయ్య ముఖం పాలిపోయింది. "చూశావా, నీ పుస్తకాల్లోనే ఉంది! ఇంక నన్ను లోపలికి పిలవకు."

సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో పంచాయితీ. మా ఆయన టై కూడా విప్పకుండా అట్టపెట్టె మీద కూర్చున్నారు.

"అమ్మా, క్లోజింగ్ అయిపోయింది, సంతకాలు పెట్టేశాం. ఇప్పుడు బ్యాక్ ఔట్ చేయలేం. ఇన్‌స్పెక్షన్ చేయించాం, చెదలు లేవన్నారు. నేలలోంచి వచ్చే రాడాన్ గ్యాస్‌కి టెస్ట్ కూడా చేయించాం."

"చేతబడికి టెస్ట్ చేయించావా?"

"అలాంటి టెస్ట్ ఉండదమ్మా."

"మరి! నేను ఆ గడప తొక్కను. మీరు పాలు పొంగించుకోండి, నేను ఇక్కడే కూచుంటా."

"ఈ అపార్ట్‌మెంట్ నెలాఖరుకి ఖాళీ చేసెయ్యాలి."

"అయితే నా టికెట్ ముందుకి జరుపు."

"ఆ బొమ్మని చెత్తలో పారేస్తే సరిపోతుంది కదా!"

"పారేస్తే మన పిల్లకి చుట్టుకుంటది రా. అది పడుకునే ఇల్లు."

ఆ మాట అంటూ అత్తయ్య మనవరాలి వైపు చూసింది. అప్పటిదాకా నేను మొండితనం అనుకున్నది మొండితనం కాదని అప్పుడు తెలిసింది. మా అమ్మాయి పక్కనే కూర్చుని ఇదంతా వింటోంది. "నానమ్మా, నాకేం కాదు. ఇట్స్ జస్ట్ ప్లాస్టిక్," అంది. అత్తయ్య దాన్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది గానీ, మాట మాత్రం మార్చుకోలేదు.

మా ఇద్దరికీ ఏం చేయాలో తోచలేదు. అత్తయ్య చేతే పాలు పొంగించాలని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నాను. నా కాపురం మొదలైన అద్దె ఇంట్లో స్టవ్ మీద పాలగిన్నె పెట్టడానికి పెద్దవాళ్ళెవరూ లేరు. ఫోన్‌లో అత్తయ్య చెబుతుంటే నేనే పొంగించుకున్నాను. ఈసారైనా అలా కాకూడదనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి పోయాను. బొమ్మ కొత్త ఇంటి గరాజ్‌లో ఒక పాత రంగుడబ్బా మీద ఉంది, పారెయ్యనూ లేదు, లోపలికి తేనూ లేదు. దాని పోలికలు మనసులో పెట్టుకుని, మతాల అరలో క్రైస్తవ సాధువుల బొమ్మలున్న పుస్తకం తీశాను. సాధువుల్ని చేతిలో ఉన్న వస్తువుని బట్టి గుర్తుపట్టాలని ఎక్కడో చదివాను. మన దేవుళ్ళని శంఖాన్నీ శూలాన్నీ బట్టి గుర్తుపట్టమూ? అలాగే. తాళంచెవులు పట్టుకున్నాయన కాదు, పిట్టలున్నాయన కాదు. తెల్లపూల కొమ్మ పట్టుకున్న గడ్డమున్నాయన దొరికాడు. మేరీమాత భర్త యోసేపు. పనికి వడ్రంగి. ఇంటిని, కుటుంబాన్ని కాపాడే సాధువు అని రాసి ఉంది.

ఇంటిని కాచేవాడు! నా లారెస్‌కి చుట్టమే! కుర్చీలోంచి లేచి ఎవరికైనా చెప్పాలనిపించింది. కానీ ఇంటిని కాచేవాణ్ణి తలకిందులుగా ఎందుకు పాతుతారో ఎన్ని పుటలు తిప్పినా దొరకలేదు. పుస్తకం నన్ను గుమ్మం దాకా తెచ్చి వదిలేసింది. ఆ మిగతాది చెప్పగలిగేది పెద్దావిడే.

అత్తయ్య ఎదుటే, స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. బొమ్మ దొరికిందని చెప్పగానే పెద్దావిడ నవ్వింది. నవ్వి నవ్వి, ముక్కు చీదుకుంది.

"దొరికాడా? నేనేమో ఇక్కడ పెట్టెలన్నీ గుమ్మరించి వెతుకుతున్నా. ఎక్కడ ఉన్నాడో గుర్తొచ్చేసరికి ఇల్లు మీదైపోయింది. వేరేవాళ్ళ పూలమొక్కలు తవ్వుకుంటానని ఎలా అడగను?"

ఇల్లు ఎంతకీ అమ్ముడుపోకపోతే చర్చిలో ఒక స్నేహితురాలు చెప్పిందట. యోసేపు బొమ్మని అమ్మకం బోర్డు పక్కన తలకిందులుగా పాతి, వీధివైపు ముఖం తిప్పి పెట్టాలట. అలా ఇబ్బంది పెడితే, బయటపడడానికైనా తొందరగా కొనేవాళ్ళని తెస్తాడట. ఈ దేశంలో చాలామంది చేసే పనేనట. అమ్మకం అయ్యాక తవ్వి తీసి, కడిగి, కొత్త ఇంట్లో మంచి చోట నిలబెట్టాలి. సామాన్ల హడావిడిలో పెద్దావిడ మర్చిపోయింది.

"ఏమంటందే?" అత్తయ్య నా మోచేయి గిల్లుతోంది.

ఫోన్ చేత్తో మూసి చెప్పాను. చేతబడి కాదనీ, ఆయన దేవుడి మనిషనీ, ఇల్లు అమ్మిపెట్టమని మొక్కుకున్నారనీ. తలకిందులుగా ఎందుకు పెట్టారో చెప్పేటప్పుడు మాత్రం భయపడుతూ చెప్పాను. మళ్ళీ ఏం అంటుందోనని.

అత్తయ్య రెండు చేతులూ తొడల మీద చరుచుకుంది.

"ఓస్, ఇంతేనా! ఈ మాట ముందే చెప్పరూ! మా ఊళ్ళో వానలు పడకపోతే శివుణ్ణి నీళ్ళల్లో ముంచేవోళ్ళు కాదూ? గుళ్ళో తూము మూసేసి, ఊరూరంతా బిందెలు మోసి, లింగం మునిగిందాకా పోసేవోళ్ళం. నేనూ మోశా. ఊపిరాడక వాన కురిపిస్తాడని. మూడోపూటకి కురిసింది కూడా."

"మరి వాన పడ్డాక?"

"పడ్డాక తూము తీసి, పంచామృతాలతో అభిషేకం చేసి, తప్పయింది సామీ అని చెంపలేసుకోవాలి. ఊరికే వదిలేస్తారా?" అని ఒక్కసారిగా ఆగి, నా చేతిలోని ఫోన్ వైపు చూసింది. "అయ్యో. ఈవిడ వదిలేసిందిగా. పాపం, పని చేసిపెట్టి కూడా మట్టిలో ఉండిపోయాడు."

అంతటితో భయం మొత్తం పోయింది. దాని స్థానంలో పట్టుదల వచ్చింది. ఆయన్ని ఆయన ఇంటికి పంపే ఏర్పాటు చేయకుండా మన పాలు పొంగకూడదు. పంపడమంటే పోస్టులో వేయడం కాదు. ఆవిడ రావాలి, తీసుకెళ్ళాలి. ఆదివారం పిలువు, ఇప్పుడే పిలువు, ఫోన్ పెట్టకు.

పిలిచాను. పెద్దావిడ తటపటాయించింది. "మీ పండగలో నేనెందుకు? వదిలేసిన ఇంటికి మళ్ళీ రావడమంటే ఏదోలా ఉంది," అంది. మాటలు అర్థం కాకపోయినా అత్తయ్య ఫోన్‌లోకి వంగి, "కమ్. మస్ట్ కమ్. సండే," అని గట్టిగా చెప్పింది. అవతల మళ్ళీ నవ్వు వినపడింది. వస్తానంది.

ఆ సాయంత్రమే అత్తయ్య గరాజ్ బయట గొట్టంనీళ్ళతో యోసేపుకి తలారా స్నానం చేయించింది. గడ్డంలో ఇరుక్కున్న మట్టిని చీపురుపుల్లతో తీసింది. ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, తల పైకి, పాదాలు కిందికి, నిలబెట్టింది. కుంకుమ భరిణె మూత తీసి ఆగిపోయింది.

"ఈయనకి బొట్టు పెట్టొచ్చా?"

"తెలీదు అత్తయ్యా. పుస్తకంలో లేదు."

"తెలీనప్పుడు పెట్టకూడదు," అని మూత వేసేసి, బంతిపువ్వు ఒకటి తుంచి పాదాల దగ్గర ఉంచింది.

ఆదివారం పొద్దున ఇల్లంతా జనం. స్నేహితుల కుటుంబాలు, గుడినుంచి వచ్చిన పంతులు గారు. హోమం పొగకి అలారం మోగకుండా మా ఆయన నిచ్చెనెక్కి పైకప్పు అలారాలకి స్నానపు టోపీలు తొడిగారు. గోమాతకి బదులు పక్కింటి పిల్లల కుక్క గుమ్మంలోంచి తొంగిచూసింది. లారెస్ బొమ్మల్లో కూడా కుక్క ఉంటుందని చెప్పాను గానీ, ఆ హడావిడిలో ఎవరూ వినలేదు.

అత్తయ్య గడప ముందు నిలబడింది. పసుపు రాసి, బొట్లు పెట్టింది. తలుపుని తోయబోయి ఆగి, కీలుని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. నా వైపు చూసి, "ఈవిడ కూడా ఉందన్నావుగా," అంది. తర్వాత కుడికాలు లోపలికి పెట్టింది.

పెద్దావిడని మా ఆయన వెళ్ళి తీసుకొచ్చారు. మంచి నీలం గౌను వేసుకుని, చేతిలో ఒక కేకు పట్టుకుని వచ్చింది. అలవాటు ప్రకారం గరాజ్ తలుపులోంచి నేరుగా వంటింట్లోకే వచ్చేసింది. అక్కడ మేమంతా ఎలక్ట్రిక్ స్టవ్ చుట్టూ ఊపిరి బిగబట్టి ఉన్నాం. ముహూర్తం దగ్గరపడుతోంది, పాలు మాత్రం గిన్నెలో చల్లగా చూస్తున్నాయి. పంతులు గారు గడియారం చూసుకుంటున్నారు.

"ముందు కాయిల్ మీద పెట్టారా? అది బద్ధకంది. వెనకదాని మీద పెట్టండి," అంది పెద్దావిడ.

అత్తయ్య గిన్నె వెనక్కి జరిపింది. కాసేపట్లో నురుగు లేచింది. అందరం తూర్పు ఎటో చూసుకుంటూ ఉండగానే పాలు పొంగి కాయిల్ మీద పడి చుయ్యిమన్నాయి. పెద్దావిడ కెవ్వుమని గుడ్డ అందుకుని ముందుకు దూకింది. "నో, నో, నో!" అని గది గదంతా అరిచాం. మా అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇట్స్ సపోజ్డ్ టు స్పిల్! దట్స్ ద హోల్ పాయింట్!" అని చెప్పింది. ఆవిడ ముందు నమ్మలేదు. ఇన్నేళ్ళూ ఆ పొయ్యి మీద ఒక్క చుక్క పడకుండా వండిన మనిషి.

భోజనాలప్పుడు అత్తయ్య ఆవిడని పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇద్దరికీ తెలిసిన భాష ఒక్కటీ లేదు. ఒకరి చేయి ఒకరు తడుముకుంటూ ఏవో చెప్పుకున్నారు. కిటికీ పక్క గోడని చూపిస్తూ పెద్దావిడ ఏదో అంటే, అత్తయ్య తల ఊపి తెలుగులో జవాబిచ్చింది. పరమాన్నం నోట్లో పెట్టుకోబోతుంటే పెద్దావిడ చెంచా ఒరిగి, అంతా నేలమీద పడింది. సిగ్గుపడిపోయి, కాగితపు రుమాలు తీసి వంగబోయింది.

అత్తయ్య ఆవిడ భుజం పట్టి ఆపింది.

"లీవ్, లీవ్. నాట్ యువర్స్." నేలని, తర్వాత గోడల్ని, కప్పుని చేత్తో చుట్టి చూపించింది. "హౌస్. హౌస్ ఈట్."

పెద్దావిడ నా వైపు చూసింది. రోమన్ల ఆచారమని చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో ఆవిడే అంది. "తిననివ్వండి. నేను వెళ్ళినప్పటినుంచి దీనికి ఎవరూ ఏమీ పెట్టి ఉండరు." కళ్ళు తుడుచుకుంది.

వెళ్ళేటప్పుడు యోసేపుని కొత్త రవికెగుడ్డలో చుట్టి, పళ్ళూ ఆకువక్కా పెట్టి, అత్తయ్య ఆవిడ ఒళ్ళో ఉంచింది. కారు కదిలేదాకా ఆవిడ ఆ మూటని రెండు చేతులతో పట్టుకునే ఉంది. తెచ్చుకున్న దేవుడు ఆవిడ వెంట వెళ్ళిపోయాడు. మరి ఇంటి దేవుడు? ఆ పండితుల తగువు నాకు ఆ రోజు వాకిట్లో నిలబడి ఉండగా తేలినట్టనిపించింది.

వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, మా ఆయన స్నానపు టోపీలు తీసేసి నిచ్చెన మడిచారు. నేను నేల తుడవడానికి వచ్చాను. పరమాన్నం అక్కడే ఉంది.

"చీమలు పడతాయి అత్తయ్యా. తీసెయ్యనా?"

"రోమునోళ్ళు ఏం చేస్తారన్నావ్? పొయ్యిలో వేస్తారని గదూ?"

నేను వద్దనేలోపే అత్తయ్య నేలమీది పరమాన్నాన్ని వేలితో తీసి, వెనక కాయిల్ మీద పెట్టి మీట తిప్పింది. బెల్లం మాడి, సన్నగా పొగ లేచి, తిన్నగా కప్పుకి తగిలింది. ఇల్లంతా దద్దరిల్లేలా అలారం మోగింది. ఒకటి మొదలుపెడితే అన్ని గదుల్లోవీ అందుకున్నాయి. మా ఆయన మళ్ళీ నిచ్చెన కోసం పరిగెత్తారు. మా అమ్మాయి చెవులు మూసుకుని, "నానమ్మా!" అని అరుస్తోంది.

అత్తయ్య మాత్రం కొంగు భుజం మీద సర్దుకుని, కప్పు వైపు చేతులు జోడించింది.

"చూశావా అమ్మాయ్," అంది ఆ గోలలోనే, "మన ఇల్లు పలికింది."